పులుపును ఆపిన పెట్టె: కోనసీమ కల్లుకుండ నుంచి పాత ఫ్రిజ్ వరకు



గత సంక్రాంతికి అమెరికా నుంచి వచ్చిన మా అక్కగారి మనవడు నన్ను ఒక ప్రశ్న అడిగాడు. "తాతగారూ, మీ వసారాలో పడి ఉన్న ఆ పాత ఫ్రిజ్‌ను నాకిచ్చేయండి. కంప్రెసరు బాగానే ఉంది. బయటి నుంచి ఒక థర్మోస్టాట్ తగిలించి, లోపల బీరు పులియబెడతాను. అక్కడ మా స్నేహితులు చాలామంది ఇలాగే చేస్తారు. మీరు డాక్టరు కదా, దీనివల్ల ఆరోగ్యానికి హాని ఏమైనా ఉందంటారా?"

"వద్దు నాయనా" అని ఒక్క మాటతో పంపివేయవచ్చు. కానీ కారణం చెప్పని నిషేధం ఎవరి చెవికీ ఎక్కదని నలభై ఏళ్ల వైద్యవృత్తిలో నేర్చుకున్నాను. పైగా వాడు అడిగినది చిన్న ప్రశ్న కాదు. ఫ్రిజ్ అనే వస్తువు ఎందుకు పుట్టిందో, మన కోనసీమకు దానితో ఏమి పనో తెలిస్తే తప్ప దానికి సరైన సమాధానం దొరకదు. వాడికి ఆ రోజు చెప్పిన సంగతులనే ఇంకొంచెం వివరంగా మీ ముందు ఉంచుతున్నాను.

కుండలో జరిగేది

కొబ్బరి పూగెలను విచ్చుకోక ముందే కట్టి, కొన కోసి, కింద కుండ కడతారు. చుక్కచుక్కగా దిగే ఆ రసం తొలి క్షణంలో మత్తు పదార్థం కాదు. నూటికి పది నుంచి పదిహేను పాళ్లు చక్కెర ఉన్న తియ్యని నీరు మాత్రమే. దానినే నీరా అంటాము. కానీ అది కుండలో పడిన కొద్దిసేపటికే మార్పు మొదలవుతుంది. గాలిలో, పూగెల మీద, నిన్నటి కల్లు అంటుకున్న కుండ గోడల్లో ఈస్టు కణాలు పొంచి ఉంటాయి. అవి చక్కెరను తిని ఆల్కహాలును, బొగ్గుపులుసు వాయువును విడుస్తాయి. కల్లు మీద తేలే నురుగు ఆ వాయువే. వాటితో పాటే లాక్టిక్ ఆమ్లాన్ని తయారు చేసే బ్యాక్టీరియా కూడా పని ప్రారంభిస్తుంది. ఉదయం దింపిన తీపి రసం సాయంత్రానికి ఘాటెక్కుతుంది. మరునాటికి నూటికి నాలుగు నుంచి ఆరు పాళ్ల వరకు ఆల్కహాలు చేరుతుంది. ఇంకా ఉంచితే మరో జాతి బ్యాక్టీరియా ఆ ఆల్కహాలును వెనిగర్‌గా మార్చివేస్తుంది.

ఈ వేగానికి కారణం మన వాతావరణం. ముప్ఫై డిగ్రీల దగ్గర ఈస్టు ఉరకలు వేస్తుంది. గౌతమికీ వసిష్ఠకూ నడుమ ఉన్న ఈ లంకల సీమలో సంవత్సరంలో అధిక భాగం ఉండే వేడి అదే. అమలాపురంలోనైనా, రాజోలులోనైనా, కొత్తపేటలోనైనా ఏ గృహిణినైనా అడిగి చూడండి. రాత్రి రుబ్బి ఉంచిన పొట్టిక్కల పిండి తెల్లవారేసరికి గిన్నె అంచు దాటి పొంగుతుంది. పాలలో తోడు వేసి మరచిపోయినా పెరుగు తోడుకుంటుంది. తరవాణి కుండ తన పని తాను చేసుకుపోతుంది. పులియబెట్టడానికి మనకు ఏ యంత్రమూ అవసరం లేకపోయింది. పులుపును ఎక్కడ ఆపాలో, ఎలా ఆపాలో మాత్రమే మనకు తెలియలేదు. ఈ మాట గుర్తుంచుకోండి. ఈ వ్యాసమంతా దీని చుట్టూనే తిరుగుతుంది.

వేసవిలో బీరు కాయరాదు

ఇప్పుడు ఒకసారి ఐరోపాకు వెళ్దాము. జర్మనీలోని బవేరియాలో బార్లీ గింజల నుంచి బీరు తయారు చేసేవారు. చలికాలంలో మెల్లగా పులిసిన బీరు రుచిగా ఉండేది. వేసవిలో కాచినది పుల్లబడి చెడిపోయేది. సూక్ష్మజీవులంటే ఏమిటో తెలియని కాలం అది. అయినా అనుభవం పాఠం చెప్పింది. 1553లో అక్కడి ప్రభువు ఒక శాసనం చేశాడు. ఏప్రిల్ 23 నుంచి సెప్టెంబరు 29 వరకు ఎవరూ బీరు కాయరాదని దాని సారాంశం. వేడిని జయించలేని మనిషి పంచాంగాన్ని ఆశ్రయించాడన్నమాట. చలికాలంలో చెరువుల మీద పేరుకున్న మంచును కోసి, నేలమాళిగల్లో నింపి, ఆ చల్లదనంలో బీరు పీపాలను దాచుకునేవారు.

మన దేశంలో ఆంగ్లేయులు చేసినదీ ఇటువంటిదే. బీరు తయారీకి వారు కసౌలి, సోలన్, నీలగిరుల వంటి చల్లని కొండ ప్రాంతాలను ఎంచుకున్నారు. మైదానాల్లోని దొరలకు మంచు కూడా ఓడల మీద వచ్చేది. ఫ్రెడరిక్ ట్యూడర్ అనే అమెరికా వర్తకుడు 1833లో బోస్టన్ నుంచి కలకత్తాకు మంచు దిమ్మెలను పంపాడు. 1842లో మద్రాసు సముద్రతీరాన ఆ మంచును నిల్వ చేయడానికి ఒక భవనం వెలసింది. నేడు వివేకానందుని పేరుతో ఉన్న ఐస్ హౌస్ అదే. కోనసీమ అప్పుడు మద్రాసు రాజ్యంలో భాగం. చల్లదనం సముద్రాలు దాటి వచ్చే విలాసవస్తువుగా ఉన్న రోజులవి.

చల్లదనాన్ని యంత్రంతో పుట్టించాలన్న ప్రయత్నం అంతకు ముందే మొదలయింది. 1834లో జేకబ్ పెర్కిన్స్ లండన్‌లో పేటెంటు పొందాడు. 1850లలో ఆస్ట్రేలియాలో జేమ్స్ హారిసన్ మంచు యంత్రాన్ని నిర్మించాడు. అయితే ఆ ఆలోచనను నమ్మదగిన యంత్రంగా మలచినవాడు మ్యూనిక్‌లో ఆచార్యుడుగా ఉన్న కార్ల్ ఫాన్ లిండే. ఆయనకు డబ్బు, స్థలం, ప్రోత్సాహం ఇచ్చినవారు బీరు తయారీదారులు. 1873లో మ్యూనిక్‌లోని స్పాటెన్ బీరు కర్మాగారంలో ఆయన మొదటి యంత్రాన్ని పరీక్షించారు. 1876 నాటికి అమోనియా వాయువుతో పనిచేసే మెరుగైన యంత్రం సిద్ధమయింది. దానితో ఋతువుకూ బీరుకూ ఉన్న ముడి విడిపోయింది.

అంటే, మిత్రులారా, మీ వంటింటి ఫ్రిజ్‌కు పూర్వరూపం కూరగాయల కోసమో, పాల కోసమో ఎదిగినది కాదు. పులియడాన్ని అదుపు చేయడానికి ఎదిగింది. పాత ఫ్రిజ్‌లో బీరు పులియబెడతానన్న మా మనవడు కొత్తగా కనిపెట్టింది ఏమీ లేదు. ఆ పెట్టెను దాని పుట్టింటికి తీసుకుపోతానన్నాడు, అంతే.

వైద్యానికి మిగిలిన లాభం

వైద్యుడిగా ఇక్కడ ఒక క్షణం ఆగక తప్పదు. లూయీ పాశ్చర్ 1857లో పాలు పులవడం మీద పరిశోధన ప్రకటించాడు. తరువాత ద్రాక్షసారా మీద, 1876లో బీరు మీద గ్రంథం రాశాడు. పులియడం జీవుల పని అని ఆయన నిరూపించాడు. ఆ మాట విన్న జోసెఫ్ లిస్టర్ అనే శస్త్రవైద్యుడు, గాయం కుళ్లడం కూడా సూక్ష్మజీవుల పనే కాకూడదా అని ఆలోచించి, 1867లో కార్బాలిక్ ఆమ్లంతో గాయాలను శుభ్రపరిచే పద్ధతిని లోకానికి తెలిపాడు. నేటి ఆపరేషన్ థియేటర్ల శుభ్రతకు మూలం అక్కడ ఉంది.

1883లో కోపెన్‌హాగెన్‌లోని కార్ల్స్‌బర్గ్ ప్రయోగశాలలో ఎమిల్ హాన్సెన్ ఒకే ఒక ఈస్టు కణం నుంచి శుద్ధమైన సంతతిని పెంచాడు. అదే ప్రయోగశాలలో 1909లో సోరెన్‌సెన్ ఆమ్లత్వాన్ని కొలిచే పీహెచ్ కొలమానాన్ని రూపొందించాడు. ఐసీయూలో రోగి రక్తం పీహెచ్ 7.4 ఉందా లేదా అని మేము చూసే ప్రతిసారీ ఒక బీరు ప్రయోగశాలకు ఋణపడి ఉంటాము. లిండే కూడా అంతటితో ఆగలేదు. 1895లో గాలిని ద్రవంగా మార్చి, 1902లో దాని నుంచి ప్రాణవాయువును వేరు చేశాడు. కరోనా రోజుల్లో మనం ఎదురుచూసిన ద్రవ ఆక్సిజన్ ట్యాంకర్లకు ఆది ఆ విద్యే.

ఇక టీకాల సంగతి మీకు తెలిసినదే. అవి రెండు నుంచి ఎనిమిది డిగ్రీల మధ్య ఉండాలి. 1996 నవంబరు 6న తుపాను మన కొబ్బరి తోటలను నేలకూల్చినప్పుడు, నేను పనిచేస్తున్న ఆస్పత్రిలో కరెంటు పోయి ఫ్రిజ్ ఉత్త బీరువాగా మిగిలింది. అందులోని టీకాలను పారవేయవలసి వచ్చింది. నాలుగు డిగ్రీల తేడా అంటే ఏమిటో నాకు పుస్తకం కన్నా ఆ రోజే బాగా అర్థమయింది.

మన పోరాటం వేరు

ఐరోపావారికి కావలసినది మెల్లగా పులియడం. మన గీత కార్మికునికి కావలసినది కొన్నిసార్లు అసలు పులియకపోవడం. నీరా తీపిగా ఉంటేనే తాటిబెల్లం వండవచ్చు. అందుకు అతని వద్ద ఉన్న ఏకైక సాధనం సున్నం. కుండ లోపల సున్నం పూస్తే రసం క్షారగుణం పొందుతుంది, ఈస్టు పెరగదు. పూత పలచబడితే పులుస్తుంది, చిక్కబడితే రుచి చెడుతుంది. థర్మోస్టాట్ చేసే పనిని అతని చేతి అంచనా చేసేది.

ఈ పూత చుట్టూ మన రాజకీయ చరిత్ర కూడా తిరిగింది. 1886 నాటి మద్రాసు అబ్కారీ చట్టంతో కల్లు ప్రభుత్వ ఆదాయానికి ఆధారమయింది. 1937లో రాజాజీ ప్రభుత్వం సేలం జిల్లాలో మద్యనిషేధం ప్రారంభించింది. 1948 అక్టోబరు నాటికి అది మద్రాసు రాష్ట్రమంతటా వ్యాపించింది. కల్లు ఆగింది. చెట్టు మీద ఆధారపడిన కుటుంబాల కూడు కూడా దానితోనే ఆగింది. బెల్లం వండుకోమన్నారు. గాంధీజీ కూడా తాటిబెల్లాన్ని ప్రోత్సహించినవారే. కానీ చెట్టు దిగేలోగా పులిసే రసాన్ని, పొయ్యికి కావలసిన కట్టెలను, బెల్లానికి వచ్చే ధరను లెక్కిస్తే అది కల్లుకు సాటి రాలేదు.

1953లో ఆంధ్ర రాష్ట్రం ఏర్పడిన తరువాత గీత కార్మికుల ఆవేదన ఉద్యమమయింది. గౌతు లచ్చన్న వారి పక్షాన నిలిచారు. మద్యనిషేధాన్ని పరిశీలించడానికి వేసిన రామమూర్తి కమిటీ సిఫారసుల మీద శాసనసభలో వివాదం ముదిరి, 1954 నవంబరులో ప్రకాశం పంతులు గారి ప్రభుత్వం అవిశ్వాస తీర్మానంలో పడిపోయింది. కుండలోని రసం తీపిగా ఉందా, పులిసిందా అన్న ప్రశ్న ఒక ప్రభుత్వాన్ని కూల్చేంత బరువైనదని దీనివల్ల తెలుస్తుంది.

మద్యం వల్ల కాపురాలు కూలిపోయిన స్త్రీల గొంతు దీనికి మరో వైపు. 1990ల మొదట్లో నెల్లూరు జిల్లా దూబగుంట నుంచి లేచిన సారా వ్యతిరేక ఉద్యమం 1993లో సారా నిషేధానికి, 1995 జనవరిలో సంపూర్ణ మద్యనిషేధానికి దారితీసింది. అది 1997లో సడలింది. గీత కార్మికుని ఆకలీ నిజమే, ఆ స్త్రీల కన్నీరూ నిజమే. రెండింటినీ ఒకేసారి తీర్చగల మార్గం ఏదైనా ఉంటే అది నీరాను నీరాగా నిలపడంలోనే ఉంది.

అందుకు కావలసిన చల్లని పెట్టె ఇప్పుడు చెట్టెక్కింది. కాసరగోడ్‌లోని కేంద్రీయ తోట పంటల పరిశోధనా సంస్థవారు కొబ్బరి పూగెలకే తగిలించే ఒక మంచు పెట్టెను రూపొందించారు. రసం నేరుగా చల్లని పాత్రలో పడుతుంది. సున్నం అక్కరలేదు, పులుపు రాదు. దానికి వారు కల్పరస అని పేరు పెట్టారు. మన వైపు అంబాజీపేటలో కొబ్బరి మీద, రంపచోడవరం దగ్గరి పందిరిమామిడిలో తాటి మీద పరిశోధనలు జరుగుతున్నాయి. హైదరాబాదులో 2023 మే నెలలో నెక్లెస్ రోడ్డు మీద నీరా కేఫ్ తెరిచారు. బవేరియాలో మెల్లగా పులియబెట్టడానికి ఎదిగిన పెట్టె మన చెట్ల మీద పులియకుండా ఆపడానికి పనికి వచ్చింది.

ఇక పాత ఫ్రిజ్ సంగతి

మా మనవడు చెప్పినది అబద్ధం కాదు. బ్రిటన్‌లో 1963లో ఇంట్లో బీరు కాచుకోవడానికి లైసెన్సు అక్కరలేకుండా చేశారు. అమెరికాలో 1978 అక్టోబరులో అధ్యక్షుడు కార్టర్ సంతకంతో, సొంత వాడకానికి ఒక్క పెద్దవారున్న ఇంట ఏటా 100 గ్యాలన్లు, ఇద్దరు లేక అంతకు మించి ఉన్న ఇంట 200 గ్యాలన్ల వరకు పన్ను లేకుండా కాచుకోవచ్చని చట్టం వచ్చింది. అక్కడి నుంచి పాత ఫ్రిజ్‌లకు కొత్త ఉద్యోగం దొరికింది.

దాని కీలకం చాలా సరళం. మామూలు ఫ్రిజ్ నాలుగు డిగ్రీల దగ్గర ఉంటుంది. ఆ చలిలో ఈస్టు నిద్రపోతుంది. అందుచేత ఫ్రిజ్ ప్లగ్గును బయటి థర్మోస్టాట్‌లో గుచ్చి, దాని కొలత తీగను పులిసే పాత్రకు ఆనించి కడతారు. కొన్ని రకాల బీరుకు పద్దెనిమిది, ఇరవై డిగ్రీలు, మరికొన్నింటికి పది డిగ్రీలు నిర్ణయిస్తారు. పులియడంలో వేడి పుడుతుంది కనుక పాత్ర లోపల గది కన్నా కొన్ని డిగ్రీలు ఎక్కువ ఉంటుంది. వేడి మించగానే కంప్రెసరు పనిచేస్తుంది, తగ్గగానే ఆగుతుంది. 1553 నాటి శాసనాన్ని ఇప్పుడు అరచేతిలో ఇమిడే పెట్టె అమలు చేస్తోందన్నమాట.

ఇంతవరకు విని మా మనవడు సంతోషించాడు. ఆ తరువాత చెప్పిన మాటలు మీరూ వినండి.

మొదటిది చట్టం. ఆంధ్రప్రదేశ్ ఎక్సైజ్ చట్టం, 1968 ప్రకారం అనుమతి లేకుండా మత్తు పానీయం తయారు చేయడం నేరం. అమెరికాలో సరదా అయినది అమలాపురంలో కేసు అవుతుంది.

రెండవది ఆరోగ్యం. ఇంట్లో కాచిన బీరు తాగితే కళ్లు పోతాయని కొందరు భయపెడతారు. కేవలం పులియబెట్టిన బీరులో మెథనాలు అత్యల్పం. కళ్లు తీసేది, ప్రాణాలు తీసేది దొంగసారాలో కలిపే పారిశ్రామిక స్పిరిటు. కల్తీ కల్లు మరో ప్రమాదం. క్లోరల్ హైడ్రేట్, డయాజిపాం, ఆల్ప్రజోలాం వంటి మందులు కలిపిన కల్లుకు అలవాటు పడినవారు, అది ఒక్కసారిగా దొరకనప్పుడు ఫిట్స్‌తో, మతిభ్రమణతో ఆస్పత్రులకు రావడం తెలుగు నేల మీద జరిగిన సంగతే. అటువంటి లక్షణాలు కనిపిస్తే ఇంట్లో ఉంచకండి, వెంటనే ఆస్పత్రికి తీసుకువెళ్లండి.

అయితే కల్తీ లేనిది కనుక క్షేమమని అనుకోకండి. మద్యపానీయాలు క్యాన్సర్ కారకాలని అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధనా సంస్థ 1988లోనే తేల్చింది. ఆరోగ్యానికి సురక్షితమైన మోతాదు అంటూ ఏదీ లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023లో స్పష్టం చేసింది. కాలేయానికి సొంత బీరు, కొన్న బీరు అన్న భేదం తెలియదు.

నీరా విషయంలోనూ జాగ్రత్త అవసరం. 250 మిల్లీలీటర్ల గ్లాసులో పాతిక గ్రాములకు తక్కువ కాని చక్కెర ఉంటుంది. మధుమేహం ఉన్నవారు దీనిని ఔషధమని భ్రమపడరాదు. మూతలేని కుండలోకి గబ్బిలాలు చేరితే మరో ముప్పు. బంగ్లాదేశ్‌లో పచ్చి ఖర్జూర రసం ద్వారా నిపా వైరస్ సోకిన సంఘటనలున్నాయి. చల్లదనం వైరస్‌ను చంపదు. కనుక మూసిన పాత్రలో, శుభ్రంగా దింపినదే తీసుకోండి.

మూడవది ఆ ఫ్రిజ్ పెట్టె ప్రమాదం. దాని గోడల్లో వాయువు గొట్టాలుంటాయి. ఇటీవలి ఫ్రిజ్‌లలో చాలా వాటిలో ఉన్నది మండే స్వభావం గల ఐసోబ్యూటేన్. ఎవరు ఏ పనికి మార్చదలచినా గోడలకు రంధ్రాలు వేయరాదు. అన్నిటికన్నా ముఖ్యమైన మాట పిల్లల గురించి. దాగుడుమూతల్లో పాత ఫ్రిజ్‌లో దూరి, తలుపు పడిపోయి, ఊపిరాడక చనిపోయిన పిల్లలు ఎందరో ఉండబట్టే, తలుపు లోపలి నుంచి తెరుచుకునేలా ఉండాలని అమెరికా 1956లో ప్రత్యేక చట్టం చేసింది. అంతకు ముందరి ఫ్రిజ్‌లకు బయటి నుంచి పడే గడియ ఉండేది. నేటి అయస్కాంతపు తలుపులను కూడా పసిపిల్లలు తోయలేకపోవచ్చు. మీ వసారాలో వాడని ఫ్రిజ్ ఉంటే ఈ రోజే దాని తలుపు ఊడదీయించండి. ఈ వ్యాసంలో ఇంకేదీ గుర్తుండకపోయినా ఫరవాలేదు, ఇది ఒక్కటి చేయండి.

ముగింపు

మా మనవడు బీరు ఆలోచన మానుకున్నాడు. కానీ తెచ్చుకున్న థర్మోస్టాట్‌ను వృథా పోనివ్వలేదు. మా ఇంట్లో ధనుర్మాసపు చలికి పొట్టిక్కల పిండి పొంగడం లేదని మా ఆవిడ వాపోతుంటే, ఆ ఫ్రిజ్‌ను శుభ్రం చేసి, కంప్రెసరును తప్పించి, లోపల ఒక చిన్న బల్బు పెట్టి, ముప్ఫై డిగ్రీలకు అమర్చాడు. తలుపు తిరిగి తెరుచుకుంటుందో లేదో తానే నాలుగుసార్లు చూసి, పైన తాళం వేసుకునే కొక్కెం బిగించి, తాళంచెవి వాళ్ల అమ్మమ్మ కొంగుకు కట్టాడు. పిండి పొంగింది.

పులియబెట్టే విద్యలో మన నేలకు ఎవరూ పాఠం చెప్పనవసరం లేదు. మనకు ఇంతకాలం కొరవడినది ఆపే సాధనం. అది ఇప్పుడు చెట్టు మీదికే వచ్చింది కనుక, తీపిగా దిగిన రసాన్ని తీపిగానే అమ్ముకోగల గీత కార్మికుని వద్ద, శుభ్రత చూసి, కొనండి. మీ ఆరోగ్యానికీ, అతని కుటుంబానికీ మేలు జరుగుతుంది.

సెలవు.